కైలాసం సారు హాజరుపట్టీ

కైలాసం సారుకు ఒకటే జబ్బు. ఎవరు ఏ ముచ్చట చెప్పినా మధ్యలో ఆపేసి, ఆ ముచ్చటలో ఎక్కడో మూలన నిలబడ్డ మనిషి పేరు అడుగుతారు. పేరు దొరికేదాకా ముచ్చట ముందుకు కదలనివ్వరు.

మా అక్క పెళ్లికి వచ్చి పప్పు బాగుందన్నారు. అంతటితో ఊరుకోవచ్చు కదా. "ఎవరు వండిండ్రు?" అన్నారు. క్యాటరింగ్ వాళ్లు సార్ అన్నాను. "క్యాటరింగ్ అంటే మనిషి గాదు గదా బిడ్డా, పేరేంది?" అని విస్తరి ముందు నుంచి లేచి వెళ్లి, దశరథ్ అనే వంటాయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, పెళ్లికొడుకు పక్కన నిలబెట్టి ఫోటో తీయించారు. ఆల్బమ్‌లో ఇప్పటికీ ఉంది. మా బావ, ఆయన పక్కన గరిటెతో దశరథ్. మా అక్క చెవి కమ్మ ఒకటి అంచులో కనబడుతుంది.

సినిమాకు తీసుకెళ్తే ఇంకా అన్యాయం. జనమంతా బండ్లు తీసి ఇళ్లు చేరినా, ఈయన తెర మీద పైకి పోయే పేర్లను పెదవులు కదుపుతూ చదువుతూ కూర్చుంటారు. పేర్లు మరీ జల్దీ పోతున్నాయని ఒకసారి మేనేజర్‌కు ఫిర్యాదు రాసిచ్చారు. హాలు ఊడవడానికి వచ్చినామె "లెవ్వు సారూ" అంటే లేచారు గానీ, ఆమె పేరు అడిగాకే లేచారు.

ఈ జబ్బు ఫ్యాక్టరీలో అంటుకుంది. ముప్పై ఒక్క ఏళ్లు బేరింగుల ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జి ఆయన. షిఫ్టు మారేటప్పుడు, దిగే ఇన్‌చార్జి ఎక్కే ఇన్‌చార్జికి హాజరుపట్టీ చదివి అప్పగించాలి. ఏ మిషన్ మీద ఎవరున్నారు, ఎవరు దిగారు, లోపల ఇంకా ఎవరు మిగిలారు. ఒక్క పేరు తక్కువైనా సంతకం పడదు, గేటు దాటడానికి లేదు. రిటైరై నాలుగేళ్లయినా ఆయన ఇంకా ఆ పట్టీ చదువుతూనే ఉన్నారు. వినాల్సిన ఖర్మ నాకు పట్టింది.

నేనెవరంటే స్నేహలతను. పటాన్‌చెరులో మందుల కంపెనీలో మాత్రలు సరిగ్గా ఉన్నాయో లేవో చూసే ఉద్యోగం. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఇస్నాపూర్‌లో కైలాసం సారు ఇంటి పైగదిలో మైకులు పెడతాను. గోడలకు బొంతలు కట్టిన ఆ గదే మా 'బెల్ట్ ముచ్చట' పాడ్‌కాస్ట్ స్టూడియో. బెల్ట్ అంటే మా ఫ్యాక్టరీల బెల్ట్. హైదరాబాద్‌లో వచ్చే సినిమాలు, పాటలు, నాటకాలు, బొమ్మల ప్రదర్శనల గురించి ఎప్పుడూ అక్కడివాళ్లే ఎందుకు మాట్లాడాలి, షిఫ్టు దిగినవాళ్లు మాట్లాడకూడదా అని ఇద్దరం కలిసి మొదలుపెట్టాం. మాట్లాడటం ఆయన వంతు, కోయడం నా వంతు. కోయడమంటే ఎడిటింగ్.

ఎంత కోయాల్సి వచ్చేదో వినండి. శ్రావణ్‌కుమార్ అని కొత్త దర్శకుడు వచ్చాడు. వాన సీను ఎలా తీశాడో చెబుతున్నాడు. "లైటు పట్టుకున్నాయన మూడు గంటలు తడిసిండు సార్. ఆయన లేకపోతే ఆ సీనే లేదు."

"పేరు?"

"ఎవరిది సార్?"

"తడిసినాయనది."

"యాదికి లేదు సార్. సెట్‌ల శానమంది ఉంటరు."

"ఫోన్ జేసి కనుక్కోండి. మేం ఆగుతం."

ఆగాం. ముప్పై ఎనిమిది నిమిషాలు, మైకులు ఆన్‌లోనే ఉండగా. కైలాసం సారు భార్య సుమిత్ర ఆంటీ టీ ఇచ్చింది, కాసేపాగి మళ్లీ ఇచ్చింది. ఆరో ఫోన్‌కు నర్సింహులు అని తేలింది. సారు నోట్‌బుక్‌లో రాసుకుని "ఇగ వాన సంగతి చెప్పండి" అన్నారు. వాన గురించి చెప్పడానికి శ్రావణ్‌కుమార్ దగ్గర ఇక ఏమీ మిగల్లేదు.

ఇలాంటివన్నీ నేను కోసేశాను. ముప్పై ఎనిమిది నిమిషాలతో పాటు నర్సింహులును కూడా. అరవై మూడు ఎపిసోడ్లలో ఒక్క పేరు మిగల్చలేదు. ఆయన ఎన్నడూ అడగలేదు. ఎపిసోడ్లు ఆయన వినరేమో అనుకున్నాను.

ఈ ఏడు హైదరాబాద్‌లో జరిగే ఒక కళల పండుగ వాళ్లు, చుట్టుపక్కల పాడ్‌కాస్ట్‌లలో ఒకదానికి స్టేజ్ ఇస్తామన్నారు. ఒక్క ఎపిసోడ్ పంపాలి, శుక్రవారం గడువు. నాకు ఆ స్టేజ్ కావాలి. మా కంపెనీ క్యాంటీన్‌లో "పాడ్‌కాస్టా, ఇస్నాపూర్ నుంచా" అని నవ్విన ప్రతి ఒక్కరికీ టికెట్ నా చేత్తో ఇవ్వాలి. అందుకే ఎవరెవరినో పట్టుకుని గాయకుడు విఘ్నేశ్వర్‌ను ఒప్పించాను. ఆయన డీజే కొట్టించి పాడిన నాట్ల పాట లేకుండా సంగారెడ్డి నుంచి కూకట్‌పల్లి దాకా ఒక్క బరాత్ కదలడం లేదు.

"సార్, ఈ ఒక్కరోజు ఎవరి పేరూ అడగొద్దు" అని బతిమాలాను.

"నేనెందుకడుగుత బిడ్డా" అన్నారు, ఎన్నడూ అడగనట్టే.

పందొమ్మిది నిమిషాలు ఆపుకున్నారు. ముచ్చటలోకి డ్రమ్ములు కొట్టినాయన వచ్చాడు, పోయాడు. సారు పెదవులు బిగించారు. నేనే అనవసరంగా, ఆ పాట ఎక్కడిదని విఘ్నేశ్వర్‌ను అడిగాను.

"జానపదం మేడం, ఎవరిదీ కాదు. సంగారెడ్డి అవతల కొండాపూర్ దిక్కు నాట్లేసుకుంట ఒక ముసలామె పాడుతుంటే ఫోన్‌ల రికార్డ్ చేసుకున్న."

"ఎవరిదీ గాదంటివి, మల్ల ముసలామె పాడిందంటివి" అన్నారు సారు. "పేరు?"

"జానపదానికి పేరుండదు సార్."

"పాటకు లేకుంటే లేకపాయె. ఆమెకుంటది గదా. ఇంట్లోళ్లు ఆమెను జానపదమని పిలుస్తరా?"

విఘ్నేశ్వర్ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. "పోచమ్మనో ఏమో. రాస్కోండి" అని మెట్లు దిగిపోయాడు. సారు నిజంగానే రాసుకున్నారు.

నా ఒళ్లు మండిపోయింది. "మీ పేర్ల పిచ్చి వల్ల నా స్టేజ్ పోయింది సార్. ఎవరికి కావాలి ఈ పేర్లు? ఇంతవరకు ఒక్కరైనా విన్నారా? నేనిక రాను" అని మైకులు సంచీలో వేసుకుని వచ్చేశాను.

రాత్రికి రాత్రి కోపం తగ్గలేదు గానీ ఆలోచన వచ్చింది. ఆయన చేత విఘ్నేశ్వర్‌కు ఫోన్ చేయించి క్షమాపణ చెప్పిస్తే మిగతా ఎపిసోడ్ పూర్తి చేసుకోవచ్చు. సోమవారం సెలవు పెట్టి, మైకుల సంచీతో సహా స్కూటీ వేసుకుని వెళ్లాను. ఇంట్లో సుమిత్ర ఆంటీ ఒక్కతే ఉంది.

"సోమారం ఇంట్లెక్కడుంటడమ్మా? పేరిచ్చొస్తనని కొండాపూర్ పోయిండు."

"పేరివ్వడమేంది ఆంటీ?"

"ఐతారం ఎవ్వరి పేరు దొరుకుతే, సోమారం వాళ్లను దేవులాడుకుంట పోతడు. నీ పేరు చెప్పిండ్రు సూడు అని ఆ ముక్క వినిపిస్తడు. నువ్వు కోసేస్తవని తన ఫోన్‌ల వేరే రికార్డ్ పెట్టుకుంటడు. ఆ లైటాయన, నర్సింహులు, మన ఇస్నాపూర్‌లనే కిరాయికుంటడట. నాలుగుసార్లు పెట్టించుకుని విన్నడట."

"నేను కోస్తానని సారుకు తెలుసా?"

"మొదటి వారం సంది తెలుసు. ఆ పిల్ల పని ఆ పిల్ల చేస్తది, మన పని మనం చేద్దాం అంటడు."

కోపం చల్లారిందనుకుంటున్నారేమో, లేదు. నాకు చెప్పకుండా రెండో రికార్డింగా అని ఇంకాస్త పెరిగింది. అరవై మూడు సోమవారాలు ఆ మనిషి బస్సులెక్కి తిరిగితే, నేను ఏసీ గదిలో కూర్చుని ఆ పేర్లు చెత్తలో వేశానన్నమాట. ఆ కోపంలో సగం నా మీదేనని ఒప్పుకోవడానికి కొండాపూర్ దాకా బండి నడపాల్సి వచ్చింది.

రెండు ఊళ్లు వెతికాను. మూడో ఊరి కిరాణా కొట్టులో అడిగితే "ఫోన్ పట్టుకుని తిరిగే సారా? గా అరుగు మీదున్నడు సూడు" అన్నారు. నేను వెళ్లేసరికి ఒక ముసలామె ఫోన్ చెవికి ఆనించుకుని వింటోంది. వింటూ వింటూ ఫోన్ దూరం జరిపింది.

"పోచమ్మ ఎవరు సారూ?"

"నువ్వు గాదా అవ్వా?"

"నేను లచ్చవ్వను. పోచమ్మ నా తోటికోడలు. అది నాటుకొస్తే గెట్టు మీద కూసుంటది. దానికి పాటెక్కడొస్తది?"

ఎదురింటి గడపలో బియ్యం ఏరుతున్న పోచమ్మ తల ఎత్తకుండానే "అంత పెద్ద పాటగాడు తెల్వకుంటనే చెప్పిండా" అంది.

లచ్చవ్వకు కోపం తలకెక్కింది. సారు ఆమె మనసు మళ్లిద్దామని విఘ్నేశ్వర్ పాట పెట్టారు. అది ఇంకా తప్పయింది.

"కలుపు చరణమేది? నాటేసిండు, సక్కగ కోతకొచ్చిండు. కలుపు తియ్యకుంటనే పంటొస్తదా వీనికి?" అని నా వైపు తిరిగింది. "బిడ్డా, నీ సంచిల గది మైకేనా? పెట్టు."

పెట్టాను. మైకు ముందు కూడా పోచమ్మతో ఒక విడత తగువాడి, ఆ తర్వాత పదకొండు నిమిషాలు పాడింది, ఒక్క చరణం వదలకుండా. అయ్యాక కొంగుతో ముఖం తుడుచుకుని "మా మేనత్త నేర్పింది" అంది.

"పేరు?"

అడిగింది సారు కాదు, నేను. ఆయన నోట్‌బుక్ తెరిచి తలవంచుకుని రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు.

గురువారానికి ఎపిసోడ్ తయారైంది. విఘ్నేశ్వర్ లేచి వెళ్లిపోవడం, తోటికోడళ్ల తగువు, కలుపు చరణం, పేర్లు, అన్నీ ఉంచాను. పండుగ వాళ్ల తరఫున నిహారిక అనే ఆమె శనివారం ఫోన్ చేసింది. ఎపిసోడ్ బాగుందట, పేర్ల గోల కోసేస్తే స్టేజ్ మాదేనట. అరవై మూడుసార్లు ఎవరూ అడగకుండా కోసిన చెయ్యి నాది. ఇప్పుడు అడిగితే నాకు తిక్క రేగింది.

"పేర్లు తియ్యమండీ. కావాలంటే నా మాటలు తీసేస్తాను."

నాలుగు రోజులు నాన్చి చివరికి ఇచ్చారు, ఆదివారం పొద్దున పదింటికి, ఎవరూ రాని వేళలో. అయినా సారు పేరిచ్చి వచ్చిన వాళ్లతోనే హాలు నిండింది. దశరథ్ పెళ్లాంపిల్లలతో, నర్సింహులు ఇస్త్రీ చొక్కాతో, పోచమ్మ తన పేరు కూడా వచ్చింది కాబట్టి హక్కుగా వచ్చారు. ఎపిసోడ్ విని వచ్చిన విఘ్నేశ్వర్ వెనక తలుపు దగ్గర నిలబడితే లచ్చవ్వ పిలిపించి, అందరి ముందు కలుపు చరణం నేర్పి పాడించింది. రెండుసార్లు తప్పాడు, మూడోసారి వదిలిపెట్టింది. ఇప్పుడు ఆయన పాట కింద ఆమె పేరుంది.

తర్వాత నేను పాత ఎపిసోడ్లు బాగుచేయడానికి కూర్చున్నాను. నేను కోసిన ముక్కలు నా దగ్గర లేవు కాబట్టి సారు ఫోన్ అడిగి తెచ్చుకున్నాను. వింటే తెలిసింది. నేను మైకులు కట్టేసి మెట్లు దిగిపోయాక కూడా ఆ ఫోన్ ఆగలేదు. ఖాళీ గదిలో ఆయన షిఫ్టు అప్పగిస్తున్నారు. "ముచ్చట, శ్రావణ్‌కుమార్. లైటు, నర్సింహులు. టీ, సుమిత్ర. రికార్డింగ్, కోత, స్నేహలత." ప్రతి వారం అంతే. అరవై మూడు వారాలూ నా పేరుంది.

విఘ్నేశ్వర్ లేచి వెళ్లిపోయిన ఆదివారం కూడా విన్నాను. నేను మానేస్తున్నానని అరిచి దిగిన అడుగుల చప్పుడుంది. తర్వాత ఆయన గొంతు.

"స్నేహలత, కోపంతోని దిగింది. తప్పు నాది. రేపు హాజరు."

మూడుసార్లు విన్నాను, కోయలేదు. నాకు కోపం మాత్రం పోలేదు. ఆ 'తప్పు నాది' అన్న మాటేదో నా ముఖం మీదే చెబితే ఆయన సొమ్మేం పోయింది?