పడని మందు

ఆఫీసులో ఆమెను మొండిఘటం అంటారు. ఎదురుగా అన్నా నవ్వి ఊరుకుంటుంది. జుట్టు పెన్సిల్‌తో ముడేసుకుని, చెప్పులు విడిచి, కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. ఆస్పత్రుల కోసం చేసే ఫోన్ యాప్‌లో, నొక్కితే కిందికి తెరుచుకునే జాబితాలు ఆమె పని. రంగులూ అంచులూ ఎవరైనా దిద్దుతారు. తెరమీద ఎంచుకున్న మాటే లోపల రోగి వివరాల్లోనూ పడేలా చూడటం ఆమె వంతు. ఒక్కో జాబితాను మెల్లగా, గబగబా, ఎడమచేతి బొటనవేలితో కూడా నొక్కి చూస్తుంది.

యాప్ విడుదల చేయాల్సిన రోజున 'పడని మందులు' జాబితాలో తేడా పట్టుకుంది. వేగంగా జరిపి పెన్సిలిన్ ఎంచుకుంటే, తెరమీద పెన్సిలిన్ అనే కనిపిస్తోంది. లోపల మాత్రం 'ఏమీ లేవు' అన్న పాతమాటే మిగిలిపోతోంది.

మేనేజరు తల పట్టుకున్నాడు. "వందలో ఒకసారి వచ్చేదానికి ఇంత రాద్ధాంతమా? ఇవాళ వదిలేద్దాం, వచ్చేవారం సరిచేద్దువుగాని."

"ఆ ఒక్కరికి పెన్సిలిన్ సూది పొడిచాక సరిచేయమంటారా సార్? నేను సరే అనను."

"పైవాళ్లకి నేనేం చెప్పాలి?"

"నేను ఒప్పుకోలేదని చెప్పండి. నా పేరు పెట్టే చెప్పండి."

గదిలో అందరూ తలలు దించుకున్నారు. అతను గొంతు పెంచాడు. "అంత పట్టుదలైతే ఉద్యోగం మానేసి వెళ్లు!"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. లేచి వెళ్లిపోతుందనుకున్నారంతా. ఆమె కుర్చీని ఇంకాస్త ముందుకు జరుపుకుంది.

"నేను వెళ్తే దీన్ని ఎవరు బాగుచేస్తారు సార్? రేపు మధ్యాహ్నానికల్లా ఇస్తాను. కాస్త వెలుతురుకి అడ్డం తప్పుకోండి."

అతను తప్పుకున్నాడు.