జర్మన్ మామ చెరిపేసిన క్యాసెట్

నా చిన్నప్పుడు, దోహాలో సెలవు మీద ఊరికి పోయే మనిషికి ఉన్నంత పెత్తనం ఇంకెవరికీ ఉండేది కాదు. ప్రయాణానికి ముందు శుక్రవారం మధ్యాహ్నం అందరూ ఆయన గదికి తమ మూటలు పట్టుకొచ్చేవారు. సబ్బులు, చీరలు, పాలపొడి డబ్బాలు, వాటితో పాటు గొంతు రికార్డు చేసిన క్యాసెట్లు. చదువురాని ముసలివాళ్ళకు అప్పట్లో అవే ఉత్తరాలు. ఏది పెట్టెలో పెట్టాలో, ఏది బరువని వెనక్కి ఇవ్వాలో అంతా ఆయన ఇష్టం.

ఆ ఏడాది వెళ్తున్నది అల్ ముంతజాలో మా పై అంతస్తులో ఉండే మామ. కడప జిల్లాలో మాదీ ఆయనదీ పక్క పక్క ఊళ్ళు. మా నాన్నకు వీసా పంపించింది ఆయనే కాబట్టి ఆయన మాటకు మా ఇంట్లో ఎదురు లేదు. జర్మన్ ఇంజనీర్ల కంపెనీలో స్టోర్ చూసేవాడు. అక్కడి మేనేజరు దేశం వదిలి వెళ్తూ ఒక లావుపాటి జర్మన్ నవలకు ఇంగ్లీషు అనువాదం ఇచ్చి, అది రాసినాయన బతుకంతా చెప్పాడట. అప్పటినుంచి మామకు అదే భజన. కథను ఒక వరుసలో చెప్పకుండా నగరం రొదనంతా నవలలో పోశాడని, సొంత దేశం వాళ్ళే ఆయన పుస్తకాలు తగలబెట్టారని, సరిహద్దు దాటి పారిపోయాడని, పరాయి దేశంలో చదివే దిక్కులేక కుమిలాడని, ఇప్పుడేమో ఆయన పేరున వీధులున్నాయని ప్రతి శుక్రవారం చెప్పేవాడు. పిల్లలం ఆయన్ను జర్మన్ మామ అనేవాళ్ళం.

ఊళ్ళో మా అవ్వకు అప్పటికే చూపు పోయింది. మంచం దిగడం లేదు. అంతకుముందు వచ్చిన క్యాసెట్లో నాకొక కథ చెప్పి, "ఈసారి నువ్వొకటి చెప్పు పాపా, నీ గొంతు ఇంటా పోతా" అంది. నేను ఎవరినీ అడగకుండా సొంతంగా ఒక కథ అల్లి, గొంతులు మార్చి, వంటింట్లో తలుపు వేసుకుని రికార్డు చేశాను. అవ్వ బతికుండగా అది చేరాలి. నాకు తెలిసిన తొందర అదొక్కటే.

మామ దాన్ని పెట్టెలో పెట్టలేదు. టేప్ రికార్డర్లో పెట్టాడు.

"మీ అవ్వకు ఏం చెప్పినావో మేమూ ఇంటాం, ఉండు."

గదినిండా మగవాళ్ళు. నేను గొంతు మార్చిన చోటల్లా నవ్వారు. అల్ ఘర్రాఫాలో ఒక ఇంటికి డ్రైవరుగా ఉండే నిజామాబాద్ ఆయన, "అరె, ఇది మా అరబ్బీ సేటు గొంతు లెక్కనే ఉన్నది" అన్నాడు. మళ్ళీ నా ముఖం చూసి, "పోనియ్యన్నా, చిన్న పోరి" అని తగ్గాడు.

మామ తగ్గలేదు. క్యాసెట్ మొదటికి తిప్పి, రికార్డు చేసే మీటలు రెండూ కలిపి నొక్కాడు. చక్రాలు తిరుగుతున్నాయి. నా గొంతు చెరిగిపోతోందని నాకు అర్థమైంది.

"ఆ మహానుభావుడు రాసిన నవల పెట్టెతో సహా రైల్లో పోయింది. ఏడ్చుకుంటా కూచున్యాడా? మళ్ళీ మొదటినుంచి రాసినాడు, అందుకే ఈ పొద్దు ఆయన పేరు నిలిచింది. నీది నిజంగా కథే అయితే మళ్ళీ చెప్పు. ఒక్క మాట పోకుండా చెప్పల్ల."

నేను నాన్న వైపు చూశాను. నాన్న నేల వైపు చూస్తూ, "చెప్పు పాపా, మామ అడుగుతాండాడు కదా" అన్నాడు.

మొదటి మాటకే ఏడుపు వచ్చింది. మళ్ళీ నవ్వారు. నా ఏడుపూ వాళ్ళ నవ్వులూ ఎక్కిన ఆ క్యాసెట్‌నే మామ తీసి పెట్టెలో వేసుకున్నాడు. "ఇదే పోతాది. నేర్చుకుంటాది."

నిజంగానే ఇచ్చాడు. మరుసటి సెలవుకు మేం ఊరికి పోయేసరికి అవ్వ లేదు. క్యాసెట్ పెట్టి వినిపించిన మా అత్త చెప్పింది. పరాయి దేశంలో పాపను ఎవరో కొడుతున్నారని, చుట్టూ నిలబడి నవ్వుతున్నారని అవ్వ పోయేదాకా అంటూనే ఉందట. ఎంత చెప్పినా నమ్మలేదట.

పెద్దయ్యాక ఆ జర్మన్ రచయిత జీవిత చరిత్ర సంపాదించి చదివాను. పుస్తకాలు తగలబెట్టిన మాట నిజం. పారిపోయిన మాట నిజం. రైల్లో పోయిన పెట్టె మాత్రం ఎక్కడా లేదు. అది మామ అక్కడికక్కడ కల్పించింది. చచ్చి కీర్తి పొందిన వాడి కష్టాలను బతికున్న పిల్లల మీద ప్రయోగించే మనుషులను ఆ తరవాత చాలామందిని చూశాను. దెబ్బ కొట్టి, దానికి చదువని పేరు పెడతారు.

ఇప్పుడు నేను కథలు రాస్తాను. మామ ప్రొద్దుటూరులో ఉంటున్నాడు. "ఆ పాపను రచయిత్రిని చేసింది నేనే" అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంటాడట. ఆయన కూతురి పెళ్ళికి నేను పోలేదు. షష్టిపూర్తికీ పోలేదు. ఎంత కాలమని పట్టుకుంటావు అని మా నాన్నే అడిగాడు.

ఆనాటి కథ నాకు పూర్తిగా గుర్తుంది. ఒక్క మాట కూడా పోలేదు. నా పిల్లలు అడిగినా చెప్పలేదు, ఎక్కడా రాయలేదు, ఇక్కడా రాయను. మళ్ళీ చెప్పిన రోజున ఆయన చేసింది సరైందే అయిపోతుంది.