మా బావికి వచ్చిన ఆఫ్రికా పిల్ల

మొన్న మా అమ్మాయి బడి లైబ్రరీలో పాత పుస్తకాల వాసన తగలగానే మా అవ్వ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

చిన్నప్పుడు తమిళనాడులోని మా కడత్తూరు బడిలో పుస్తకాలన్నీ తమిళంలోనే ఉండేవి. ఆఫ్రికాలో నీళ్ళ కోసం మైళ్ళకు మైళ్ళు నడిచే ఒక పిల్ల కథను రోజూ కొంచెం చదివి, సాయంత్రం అవ్వకు తెలుగులో చెప్పేవాణ్ణి. ఆ కథలోని ఒంటెకు మూడు తలలు పెట్టడం మాత్రం నా సొంత కల్పన. కథ సగంలో ఉండగానే సారు పుస్తకం వెనక్కి తీసుకున్నారు. అవ్వ ఊరుకుంటుందా?

"పాపకు నీళ్ళు దొరికినాయా లేదా? చెప్పురా!"

"దొరికినాయవ్వా. నడిచి నడిచి మన బావికే వచ్చింది. కుండ ముంచుకొని పోయింది."

"అయ్యో, ఏమన్నా తినిందా?"

"వడ ఇచ్చి పంపినా."

అవ్వ నమ్మేసిందని మురిసిపోయాను. అవ్వ ఎంత పోట్లాడినా మా బావిలోనే చెత్త పోసే పక్కింటి మామ, మర్నాడు కూడా గంపతో వచ్చాడు. అవ్వ చీపురు పట్టుకుని అడ్డం నిలబడింది.

"కుప్ప పోస్తివంటే చూడు! అంత దూరం నుంచి పాప వచ్చి తాగే నీళ్ళు ఇవి!"

"ఏ పాప అత్తా?"

"నా మనవణ్ణి అడుగు. వడ కూడా ఇచ్చినాడు."

మామ బిత్తరపోయి గంపతో వెనక్కి తిరిగాడు. అవ్వను భలే బోల్తా కొట్టించానని ఏళ్ళ తరబడి గొప్పలు పోయాను. నా అబద్ధాన్ని ఆమె నాకంటే బాగా వాడుకుందని తెలిసేసరికి నాకే తల నెరిసింది.