మస్కట్ విమానానికి తల్లాడ కంట్రోలర్ లెక్క

1986లో ఒక సాయంత్రం తల్లాడ బస్టాండు కంట్రోలర్ బసవపున్నయ్య మస్కట్ పోయే విమానాన్ని అరేబియా సముద్రం మీద గంటన్నర ఆపేశాడు. నోట్లో విజిలు, చేతిలో పెన్సిలు, అంతే. పైలట్ కిటికీలోంచి తల బయటపెట్టి బతిమాలినా వదల్లేదు.

విమానంలో ఉన్నది ద్వాలి కూతురు రూప్లి. అడవి అంచు తండా పిల్ల, నర్సు పనికి పోతోంది. దిగిన గంటకు బస్టాండు ఫోనుకు చేస్తానని చెప్పి, టికెట్టు మీది వేళలు కాగితం మీద రాసిచ్చింది. బొంబాయిలో ఎక్కేది రెండుకు, మస్కట్‌లో దిగేది మూడుకు. అంటే ఫోను నాలుగుకు. తండాకు ఆఖరి బస్సు అయిదుంబావుకు. కూతురి గొంతు వినే బస్సెక్కాలని ద్వాలి మధ్యాహ్నానికే వచ్చి కూర్చుంది.

బసవపున్నయ్య ఆ కాగితం చూసి మొహం చిట్లించాడు. తల్లాడ నుంచి భద్రాచలానికే మూడు గంటల పైమాట, సముద్రం దాటడానికి గంటేనా? హైస్కూలు నుంచి పటం తెప్పించి బల్ల మీద పరిచాడు. బొంబాయికీ మస్కట్‌కూ మధ్య దారం లాగి కొలిస్తే దగ్గర దగ్గర పదహారు వందల కిలోమీటర్లు. గంటకు ఎనిమిది వందల చొప్పున రెండు గంటలు. పైకి లేవడానికీ కిందికి దిగడానికీ ఇంకో అరగంట. అలవాటు కొద్దీ చాయ్ హాల్టు ఇరవై నిమిషాలు కూడా వేశాడు.

"మొగులు మీద హోటలు యాడుంటది సారూ?" అంది ద్వాలి.

ఆయన హాల్టు కొట్టేశాడు. రెండున్నర గంటలు మిగిలింది. మరి టికెట్టులో గంటే ఎందుకుంది? పటం మీది నిలువు గీతలు పట్టుకున్నాడు. మన గడియారం నడిచే గీతకూ వాళ్ళ గడియారం నడిచే గీతకూ మధ్య ఇరవై రెండున్నర డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిమిషాలు, మొత్తం తొంభై. ఏ ఊరి వేళ ఆ ఊరి గడియారం ప్రకారం రాశారు! వాళ్ళకు మూడైతే మనకు నాలుగున్నర. ఫోను వచ్చేది అయిదున్నరకు.

నాలుగు దాటింది, ఫోను మోగలేదు. అయిదు దాటింది. విమానం పడిపోయిందేమోనని ద్వాలి కొంగు నోట్లో కుక్కుకుంది. అయిదుంబావుకు తండా బస్సు డ్రైవరు గంగయ్య హారన్ మీంచి చెయ్యి తీయలేదు. విమానం టైరు పంచరైందేమో, స్టెప్నీ పంపుదామా అని ఎకసెక్కమాడాడు. బస్సులో జనం గొణిగారు.

బసవపున్నయ్య పెన్నుకు మూత పెట్టాడు. "నా లెక్క అయిదున్నరకు. గప్పటిదాంక నీ బండికి సంతకం లేదు."

అయిదూ ఇరవై తొమ్మిదికి ఫోను మోగింది. ద్వాలి రెండు చేతులా రిసీవరు పట్టుకుని, అన్నం తిన్నావా అని మూడుసార్లు అడిగింది. తర్వాత కళ్ళు తుడుచుకుని బస్సెక్కింది.

ఆ ఏడాది నుంచి ఊళ్ళో ఈ కథ ఎవరు ఎత్తుకున్నా బసవపున్నయ్య తలెత్తకుండా ఒకే మాట అంటాడు.

"విమానాన్ని నేనేం ఆపలె. బస్సును ఇరవై నిమిషాలు ఆపిన. రిజిస్టర్ల చాయ్ హాల్టని రాసిన."