కరెంటు పోని చోట

మొన్న బెంగళూరు నుంచి వచ్చిన మా పెద్దమ్మాయి భోజనాల బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని పనిచేసుకుంటూ ఉంటే, ఇంతకీ నువ్వు చేసే ఉద్యోగమేమిటే అని అడిగాను. మీట నొక్కగానే, తెర మీద ఏమీ కనబడకముందే తాను లేచి, మెమరీని, కీబోర్డును, డిస్కును ఒక్కొక్కటిగా తట్టి లేపే మొదటి ప్రోగ్రాము ఒకటుంటుందట, దాన్ని రాసేవాళ్ళలో తానూ ఒకతెనట. మా రోజుల్లో దాన్నే బయాస్ అనేవాళ్ళమని గొప్పగా అన్నాను గానీ, ఆ మాట నోట్లోంచి వచ్చాక చేతిలోని కాఫీ పక్కన పెట్టేశాను.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆఫీసులో కంప్యూటరుకొక ఏసీ గది, చెప్పులు బయట విడిచి భక్తిగా లోపలికి వెళ్ళడం. రాయచూరు దగ్గర కరెంటు తయారుచేసే కేంద్రంలో నేను కొత్తగా చేరిన ఇంజనీరును, ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఇంకా చేతికి రాలేదు. ఆ గదిలో ఆపరేటరు మట్మారి నుంచి రోజూ బస్సులో వచ్చే కాంట్రాక్టు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి.

ఒక ఉదయం ఫ్లాపీలో కొత్త బయాస్ వచ్చింది. పాతదాన్ని చెరిపి కొత్తది రాసే ఆ రెండు మూడు నిమిషాలు కరెంటు పోకూడదు, పోతే ఆ యంత్రం ఇక లేవదు. యూపీఎస్ పక్కగదిలో ఉంది.

"సార్, అది తెచ్చి తగిలిద్దాం. పది మినిట్లల అయితది. గిట్ల డైరెక్టుగ వద్దు" అన్నాడు అన్న.

నేను నవ్వాను. మా జిల్లాలోనే లింగసుగూరులో కరెంటు కోతలు, ముదగల్‌లో కోతలు, మా కాలనీలో మాత్రం దీపం ఆరదని ఇంటికి ఉత్తరాలు రాసుకునేవాణ్ణి, కరెంటు పుట్టేచోట కరెంటు పోతుందా అని మీట నొక్కేశాను. పని సగమైందో లేదో కేంద్రంలో కరెంటు పుట్టించే యూనిట్ ట్రిప్పయి ఆగిపోయి లైట్లు ఆరిపోయాయి, కాసేపటికి మళ్ళీ వెలిగాయి. దీపం కిందే చీకటంటారు కదా. కంప్యూటర్లో ఫ్యాను తిరిగింది గానీ తెర నల్లగానే ఉండిపోయింది.

పెద్ద సారు వచ్చి ఎవరు ముట్టుకున్నారని అడిగితే, "ఈ సారుకు తెల్సు, సారును అడగండ్రి" అని ఊరుకున్నాడు అన్న. నేను టీకి వెళ్ళానని, వచ్చేసరికే ఇలా ఉందని చెప్పాను. అన్న నా వైపు ఒక్కసారి చూశాడు. వారం తిరక్కుండా ఆయన్ను బొగ్గు యార్డుకు పంపేశారు, ఆ నెలలోనే నా కాగితం వచ్చింది.

తర్వాత ఒకసారి రాయచూరు బస్టాండులో ఎదురుపడ్డాడు, కనురెప్పల మీద కూడా బొగ్గు పొడి. తప్పించుకుపోదామనుకుంటే తానే దగ్గరికొచ్చి, "మంచిగున్నరా సార్? ఇంట్ల అందరు మంచిగున్నరా?" అని అడిగాడు. తిట్టినా బాగుండేది. తలదించుకుని, ఎక్కడికి పోతుందో కూడా చూడకుండా కనబడ్డ బస్సెక్కాను.

అమ్మాయి చెబుతూనే ఉంది. ఇప్పుడు చాలా యంత్రాల్లో ఆ మొదటి ప్రోగ్రాముకు రెండు ప్రతులుంటాయట, కొత్తది చెడితే పాతదానితో తనంతట తానే లేస్తుందట, ఒకరు రాసింది నలుగురు చదివాకే లోపలికి వెళ్తుందట, తప్పు దొర్లితే ఇది నాదేనని రాసినవాళ్ళే అందరికీ కనబడేలా పేరుతో సహా రాస్తారట, అందుకు ఎవరూ ఎవర్నీ ఏమీ అనరట. కాలం ఎంత మారిపోయింది. మరి మీ రోజుల్లో బయాస్ చెడిపోతే ఏం చేసేవాళ్ళు నాన్నా అని అడిగింది.

చిప్పు మార్చేవాళ్ళమమ్మా అన్నాను. మేము మార్చింది మనిషినని చెప్పడానికి ఇన్నేళ్ళ తర్వాత కూడా నోరు రాలేదు.