హద్దురాయి అవతల కిత్తనార

సినిమావాళ్లు ఒక్కొక్కరే మద్రాసు వదిలి హైదరాబాదు చేరుతున్న రోజుల్లో మేమూ వచ్చాం. మా ఆయన డబ్బింగ్ థియేటర్లో సౌండ్ ఇంజనీరు. ఫిల్మ్‌నగర్ కింద, బండల మధ్య ఓ ఇంట్లో వెనక వాటా అద్దెకు తీసుకున్నాం. ముందు వాటాలో ఇంటావిడ ఒక్కతే ఉండేది.

ఆవిడ ఆకులకి ముళ్లుండే కిత్తనార పిలకలను చిన్న కుండీల్లో పెంచింది. అవి జానెడు ఎదగ్గానే ఓ ఉదయం నన్ను పిలిచింది.

"బిడ్డా, జర చెయ్యేస్తవా? వీటిని నేలల పెడదాం."

నాకు మొక్కల పనంటే ఇష్టం. కుండీని బోర్లించి అడుగున తడితే, మట్టిగడ్డ వేళ్లతో సహా అరచేతిలోకి జారేది. ఆవిడ గడ్డపారతో గుంతలు తీస్తుంటే నేను నాటి, చుట్టూ మట్టి అదిమాను. నీళ్లు పోయబోతే వద్దంది, వేళ్లు కుళ్లిపోతాయట.

గోడ వెంట ఒక వరుస, దాని పక్కన ఇంకొకటి అయ్యాయి. మూడో వరుసకి ఆవిడ తాడు పట్టుకుని హద్దురాయి దాటి, ఖాళీగా ఉన్న పక్క స్థలంలోకి నడిచింది.

"అది వేరేవాళ్లది కదండీ?"

"మేకలొచ్చి ఆగం జేస్తున్నయి బిడ్డా. గందుకే."

ఆవిడ తాడు పరిచిన చోటల్లా నాటుకుంటూ పోయాను. కానీ మేకల కోసం అంత దూరం పోవాలా? కిత్తనార ఎదిగితే మనిషి కూడా దూరలేని ముళ్లకంచె అవుతుంది, లోపలి స్థలం ఈవిడదే అయిపోతుంది. మా ఆయనతో అంటే, "అద్దెకున్నవాళ్లం, మనకెందుకు" అన్నారు. నాకు మాత్రం మనసు కుదురుగా లేదు. ఆవిడ పప్పుచారు గిన్నె పంపినా, ఇంత మర్యాద దేనికో అనిపించేది. తను గుంతలు మాత్రమే తీసి, ప్రతి మొక్కా నా చేత్తోనే ఎందుకు పెట్టించినట్టు?

వానలు మొదలవకముందే ఆ స్థలం యజమాని కారులో వచ్చాడు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. ఇంటావిడ గొంతు వినబడింది.

"నాకేం ఎర్క సార్. మా కిరాయికున్నోళ్లు పెట్టిన్రు. మద్రాసు నుంచి వచ్చిన్రు, హద్దు తెల్వలే."

చేతిలో బట్ట బకెట్లో పడేసి వెళ్లాను.

"నాటింది నేనే సార్. ఎక్కడ నాటాలో తాడు పట్టి చూపించింది ఈవిడ. అది వేరేవాళ్ల స్థలమని ఆరోజే అన్నాను."

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నన్నూ నమ్మినట్టు లేదు.

"ఎవరు పెడితే ఏంది. పొద్దుగూకేలోపు తీసెయ్యండి" అన్నాడు.

ఇద్దరం కలిసే తవ్వాం. ముళ్లు గీరుకుని చేతులు మండాయి. ఆ వరుస మొక్కలన్నీ తిరిగి కుండీల్లోకి చేరాక ఆవిడ కొంగుతో చెమట తుడుచుకుని, "చాయ్ తాగుతవా బిడ్డా" అంది, ఏమీ జరగనట్టే.

తాగాను. ఆ నెలాఖరుకే యూసుఫ్‌గూడలో ఇల్లు చూసుకున్నాం. సామాను ట్రాలీలోకి ఎక్కిస్తుంటే ఆవిడ గేటు దాకా వచ్చి నిలబడింది. కళ్లనిండా నీళ్లు. అవి నిజమైనవో కావో నాకు ఇప్పటికీ తెలియదు.