ఆడిట్‌లో దొరికిన పేరు

2003లో నేను పంజాగుట్టలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డీబీఏగా పనిచేసేదాన్ని. డీబీఏ అంటే డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్. ఆసుపత్రికొచ్చే ప్రతి మనిషి వివరాలూ కంప్యూటర్లో పట్టికలుగా ఉంటాయి. అవి పోకుండా, చెడకుండా చూసుకోవడం నా పని. అమీర్‌పేటలో ఆరు నెలల కోర్సు చేసి, అక్కడే హాస్టల్లో ఉంటూ రోజూ నడిచి వెళ్లేదాన్ని. వెళ్లగానే బ్యాకప్ సరిగా వచ్చిందా, డిస్కులో చోటుందా, ఎవరి లాగిన్ అయినా లాక్ అయిందా అని చూసుకునేదాన్ని. చాలా రోజులు అంతకుమించి ఏమీ జరిగేది కాదు. మా ఉద్యోగంలో మంచి రోజంటే అదే.

ఆగస్టులో ఒకరోజు రెండో అంతస్తు వార్డు చూసే సిస్టర్ ఫిలోమినా నా గదికి వచ్చింది. ఒకామెకు పెన్సిలిన్ పడదని పోయిన నెల తనే కంప్యూటర్లో ఎక్కించిందట. ఆమె మళ్లీ చేరితే, స్క్రీన్ మీద ఎలర్జీ గడి ఖాళీగా ఉంది. ఇంజెక్షన్ సిద్ధం చేసుకున్నాక మొహం గుర్తుపట్టి ఆగింది.

"నేను సెలవులో ఉండుంటే ఏమయ్యేదో ఆలోచించు" అని చెప్పి వెళ్లిపోయింది.

రెండు వారాల కిందటి బ్యాకప్ తీసి పోల్చాను. ఏడుగురి ఎలర్జీ వివరాలు మాయమయ్యాయి. అంతకంటే పాత బ్యాకప్‌లు మేం ఉంచేవాళ్లం కాదు. డేటాబేసులో గడులు వాటంతటవి చెరిగిపోవు. ఎవరో చెరపాలి. అందుకని ఆడిట్ ఆన్ చేశాను. ఏ లాగిన్ ఎప్పుడు ఏ రికార్డు మార్చిందో రాసిపెట్టే ఏర్పాటు అది. సిస్టమ్ నెమ్మదిస్తుందని అప్పటిదాకా పెట్టలేదు.

మూడు రోజుల తర్వాత చూస్తే, ఖాళీ అయిన ప్రతి గడికీ ఒకటే పేరు, ఒకటే వేళ. నర్సింలు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర.

నర్సింలు మెడికల్ రికార్డ్స్ గుమాస్తా. సిరిసిల్ల నేతపనివాళ్ల కుటుంబం, ఇరవై ఏళ్ల సర్వీసు. కంప్యూటర్లొచ్చాక ఆయన గదిలో కాగితం కేస్‌షీట్లు సగం కట్టలు కట్టి అటకెక్కించారు, ఇద్దరు మనుషుల్ని తీసేశారు. ఈ మిషన్లను నమ్మలేమని ఆయన మీటింగులోనే అన్నాడు. నాకు కారణం కూడా దొరికినట్టయింది.

మర్నాడు సరిగ్గా ఒంటిగంటన్నరకు ఆ గదికి వెళ్లాను. స్క్రీన్ చూస్తూ ఒక పొడుగాటి నోట్‌బుక్కులో ఏదో రాసుకుంటున్నాడు. నన్ను చూసి నోట్‌బుక్కు మూసి సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఏమనాలో తోచక, అన్నం తిన్నారా అని అడిగాను. తిన్నానన్నాడు. ఆ తర్వాత ఆయన చేసే ప్రతి పనిలోనూ నాకు దొంగతనమే కనిపించింది. కారిడార్లో నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే.

అడ్మినిస్ట్రేటర్ శేషగిరి గారికి విషయం చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"నాకు ముందునుంచీ డౌటేనండీ. సోమవారం సస్పెండ్ చేసేద్దాం. మీరు రిపోర్టు తీసి సంతకం పెట్టివ్వండి" అన్నారు.

సంతకం పెట్టాల్సిన కాగితం కదా అని రిపోర్టు పద్ధతిగా తయారుచేశాను. అంతకుముందు పేరూ టైమూ మాత్రమే అడిగాను. ఈసారి, మార్పు ఏ కంప్యూటర్ నుంచి జరిగిందో కూడా అడిగాను. ప్రతి వరసలోనూ సర్వర్ పేరే, అంటే డేటాబేసు ఉండే పెద్ద కంప్యూటర్ పేరే వచ్చింది. ఆ సర్వర్ గది తాళంచెవి ఉండేది నా దగ్గరే. అప్పుడు కూడా నాకు మొదట వచ్చిన ఆలోచన, ఈయన నా తాళంచెవి ఎప్పుడు కొట్టేశాడా అని.

తర్వాత జాబుల జాబితా తెరిచాను. జాబంటే ఒక వేళకు దానంతటదే నడిచేలా రాసిపెట్టిన ప్రోగ్రాము. ఒంటిగంటన్నరకు నడిచేది ఒకటే ఉంది. జూన్‌లో నేనే రాశాను. ఒకే మనిషి రెండుసార్లు నమోదైతే ఆ రెండు రికార్డుల్నీ ఒకటి చేస్తుంది. కొత్త రికార్డులో ఎలర్జీ గడి ఎవరూ నింపకపోతే, ఆ ఖాళీనే పాతదాని మీద రాసేస్తోంది. పరీక్షించేటప్పుడు నర్సింలు గారి లాగిన్ అడిగి తీసుకుని వాడాను, తర్వాత జాబులోంచి దాన్ని తీసేయడం మరిచిపోయాను.

ముందు జాబు ఆపాను. దీన్ని చప్పుడు చేయకుండా తీసేస్తే ఎవరికీ తెలియదన్న ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది, కాసేపు ఉంది కూడా. చివరికి లేచి శేషగిరి గారి గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. మీకు మెమో ఇవ్వక తప్పదని ఆయన అన్నారు.

అక్కడినుంచి రికార్డ్స్ గదికి వెళ్లి నర్సింలు గారికీ అంతా చెప్పాను, సస్పెన్షన్ సంగతితో సహా. ఆయన సొరుగు తీసి నోట్‌బుక్కు నా ముందు పెట్టాడు. జూన్ చివరినుంచి, వార్డుల్లో ఎక్కించినవాటితో సహా, ఎవరికి ఏ మందు పడదో పేరుపేరునా రాసి ఉంది.

"ఎక్కించినయి రెండు దినాలకు పోతున్నయమ్మా. నేనే తప్పు కొడుతున్ననేమో అనుకున్న. చెప్తే నౌకరి తీసేస్తరని భయమైంది. గందుకే రాసి పెట్టుకున్న."

క్షమించమని అడిగాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వు అనుమానపడ్డవని నాకు గాదినమే ఎర్కైంది. ఇన్ని నెలల్ల తిన్నవా అని ఎన్నడన్న అడిగినవా?"

బ్యాకప్‌లో దొరకని పాత వివరాలన్నీ ఆ నోట్‌బుక్కులోంచే దొరికాయి. ఆయన చదువుతుంటే నేను ఎక్కించాను. రెండు రోజులు పట్టింది. పెన్సిలిన్ పడని ఆమె పేరు కూడా అందులో ఉంది.

ఆ తర్వాత ప్రతి జాబుకూ విడిగా లాగిన్ పెట్టాను, ఇంకొకరి లాగిన్ ఎప్పుడూ అడగలేదు. ఎక్కడ తేడా వచ్చినా ముందు నేను రాసినవే తీసి చూస్తాను. ఆడిట్ చూపించేది లాగిన్‌ని, దాని వెనకున్న మనిషిని కాదని పాఠంలో చదువుకునే ఉన్నాను. అయినా మొదట డేటాబేసును ఎవరు, ఎప్పుడు అనే అడిగాను. ఎక్కడినుంచి అని అడగలేదు. దొరికిన పేరు నాకు సరిపోయింది.